313లో క్రైస్తవం రోముకు రాజమతం అయిందా? డిగ్రీ పాఠం కోసం కొన్ని సందేహాలు

హన్మకొండ_హిస్టరీ:
నమస్తే అందరికి. డిగ్రీ పిల్లలకు రోము సామ్రాజ్యంల తొలి క్రైస్తవం గురించి ఒక గంట పాఠం చెప్పేదుంది. గైడ్లల్ల ఉన్నది మూడే ముక్కలు. నీరో మొదలు కాన్‌స్టంటైన్ దాకా క్రైస్తవులను ఆగకుండా వేటాడిండ్రు. 313ల మిలాన్ శాసనంతోటి క్రైస్తవం రాజమతమైంది. ఆ మీద గుళ్లన్నీ కూలగొట్టిండ్రు. ఇంతే.

పిల్లలు ఇట్ల చెప్తే ఊరుకోరు. చిటికెడు సాంబ్రాణి వేస్తే వదిలిపెడ్తరట కదా సార్, అంత దానికి ప్రాణం ఎందుకు ఇచ్చుకున్నరు అంటరు. అంత దానికి ప్రాణం ఎందుకు తీసిండ్రు అని ఇంకొకరు అంటరు. అధికారి ముందట అసలు ఏం జరిగేది, కాయితం మీద ఏం రాసేటోళ్లు, 313ల వచ్చింది ఏంది, గుళ్ల సంగతి ఏంది, తెలిసినవాళ్లు జర చెప్పండి. మతాల పంచాయితి మాత్రం వద్దు. ఎవరు ఎవరికి ఏ సంవత్సరంల రాసిండ్రు, అది కావాలె.

రామప్ప_గట్టు:
సార్, మొదటి ముక్కతోనే మొదలుపెడ్త. ఆగకుండా వేట అన్నది తప్పు. 64ల రోము తగలబడ్డంక నీరో చేసింది ఆ నగరం వరకే. సామ్రాజ్యం మొత్తానికి వర్తించే ఉత్తర్వు వచ్చింది 249 ఆఖర్ల, డీషియస్ చక్రవర్తి కాలంల. ఆ నడుమ దాదాపు 185 ఏండ్లు జరిగినవన్నీ ఊరిని బట్టి, గవర్నర్‌ను బట్టి జరిగినవే. డీషియస్‌కు కొంచెం ముందు ఆరిజెన్ అనే క్రైస్తవ పండితుడే, విశ్వాసం కోసం చచ్చినోళ్లు కొద్దిమందే, లెక్కపెట్టొచ్చు అని రాసిండు. పొగుడుకునే పక్షం మనిషి ఆ మాట అన్నడంటే దానికి విలువ ఉంటది.

ఆ నడిమి కాలంల పద్ధతి ఎట్లుండెనో చూడాలంటే ప్లినీ ఉత్తరాన్ని మించింది లేదు. ఇప్పటి టర్కీ ఉత్తర తీరంల బిథినియా-పాంటస్‌కు ఆయన గవర్నర్. 112 ప్రాంతంల ట్రాజన్ చక్రవర్తికి రాసిండు. ఎవడన్న పట్టిస్తే పిలిచి, నువ్వు క్రైస్తవుడివా అని అడుగుడు. అవునంటే శిక్ష ఏందో చెప్పి మళ్ల అడుగుడు. మూడోసారి కూడా అవునంటే చంపించుడు. రోమన్ పౌరుడైతే రోముకు పంపుడు. కాదన్నోడికి పరీక్ష: దేవతల పేర్లు తల్చుకోవాలె, చక్రవర్తి విగ్రహం ముందట సాంబ్రాణి వేసి ద్రాక్షసారా ధార పొయ్యాలె, క్రీస్తును తిట్టాలె. మూడూ చేస్తే ఇంటికి. ఏం నేరం చేస్తున్నరో తెలుసుకుందామని సేవకురాళ్లుగ ఉన్న ఇద్దరు బానిస ఆడవాళ్లను చిత్రహింస పెట్టించిండు కూడ. దొరికింది ఏమిటంటే, తెల్లారకముందు కూడి క్రీస్తుకు పాట పాడుతరు, దొంగతనం చెయ్యం, అబద్ధం ఆడం అని ఒట్టు పెట్టుకుంటరు, మళ్ల కూడి మామూలు తిండి తింటరు. అంతే.

ట్రాజన్ జవాబు చిన్నది. వెతికి పట్టుకోవద్దు. ఎవడన్న పట్టించి రుజువైతే శిక్షించు. కాదని దేవతలకు మొక్కితే వదిలెయ్యి. పేరు లేని ఆకాశరామన్న ఉత్తరాలు ముట్టుకోవద్దు, అవి మన కాలానికి తగవు. నేరమే అయితే వెతకొద్దనుడు ఏంది, కాకపోతే చంపుడు ఏంది అని తర్వాత క్రైస్తవ రచయిత టెర్టులియన్ ఎగతాళి చేసిండు. వకీలు లెక్క మాట్లాడిండు గానీ పాయింటు గట్టిదే.

ఇదే ట్రాజన్ నికోమీడియా పట్నంల 150 మందితోటి మంటలార్పే దళం పెట్టుకుంటమని ప్లినీ అడిగితే కూడ వద్దన్నడు. మనుషులు ఒక పేరు కింద గుమిగూడితే, ఏ పని కోసమైనా సరే, రాజకీయ ముఠా అయితదని భయం. క్రైస్తవుల రాత్రి కూడికల మీద అనుమానానికి ఇదీ ఒక కారణం. ప్లినీ ఉత్తరంల ఇంకో చిన్న మాట ఉంటది, దాన్ని వదిలిపెట్టకండి: ఇన్నాళ్లు గుళ్లు బోసిపోయినయి, బలి మాంసం కొనేటోడు దొరకలేదు, ఇప్పుడు మళ్ల అమ్ముడు పోతున్నది అంటడు. మాంసం దుకాణందారు, జీవాలకు మేత అమ్మేటోడు, వీళ్ల నష్టం కూడ ఫిర్యాదుల వెనక ఉన్నట్టే కదా.

ఇగ సాంబ్రాణికి అంత పట్టుదల ఎందుకు? మన ఊర్లల్ల బొడ్రాయి పండుగ చూసినోళ్లకు తొందరగ అర్థమైతది. ఇల్లిల్లూ చందా ఇయ్యాలె, ఊరంతా కట్టడిల ఉండాలె. ఒక్క ఇల్లు మాకు సంబంధం లేదన్నదనుకోండి. ఆ యేడు వాన పడకపోతే మాట ఎవరి మీదికొస్తది? రోమన్ల లెక్క అదే. నువ్వు మనసుల ఏం నమ్ముతవో వాళ్లకు పట్టింపు లేదు, చేతితోటి చెయ్యాల్సింది చెయ్యి. చెయ్యకపోతే దేవతలకు కోపమొచ్చి అందరికీ కీడు. టైబర్ పొంగినా, నైలు పొంగకపోయినా, కరువొచ్చినా క్రైస్తవులను సింహానికెయ్యమంటరు అని టెర్టులియన్ 197ల రాసింది ఈ ముచ్చటే. యూదులు కూడ బలి ఇయ్యరు గానీ వాళ్లది తాతల నాటి ఆచారమని రోము ఒప్పుకున్నది. క్రైస్తవులకు ఆ పాతదనం లేదు. పైగా వాళ్లల్ల ఎక్కువమంది నిన్న మొన్నటిదాకా ఆ గుడికే పోయినోళ్లు.

గోదారి_గట్టు:
ఒక డౌటన్నా. చక్రవర్తిని దేవుడని మొక్కుమన్నరు, వీళ్లు మొక్కమన్నరు, అదే కదా అసలు తగువు?

రామప్ప_గట్టు:
సగమే నిజం తమ్మీ. చక్రవర్తి పూజ రోమన్ల ఆసియా (ఇప్పటి టర్కీ పడమటి భాగం) పట్నాలల్ల జోరుగ ఉండె, పెర్గమం పట్నంల క్రీ.పూ. 29లనే అగస్టస్‌కు గుడికి అనుమతి దొరికింది. బైబిల్ల ప్రకటన గ్రంథంల పెర్గమును సాతాను సింహాసనం ఉన్న చోటు అన్నది దీని గురించే అని చానమంది పండితులు అంటరు. కానీ విచారణల గట్టిగ అడిగింది ఎక్కువగ దేవతలకు బలి. చక్రవర్తి సంగతి వస్తే ఆయన క్షేమం కోసం ప్రమాణం చెయ్యమనుడు. 180 జులై 17న ఉత్తరాఫ్రికాల కార్తేజి పట్నంల జరిగిన, సిల్లియం అనే ఊరి క్రైస్తవుల విచారణ చూడు. ప్రొకాన్సుల్ (గవర్నర్) సాటర్నినస్ చక్రవర్తి జీనియస్ (ఆయనను కాపాడే దేవత) మీద ఒట్టు పెట్టుమంటడు. స్పెరాటస్ అనేటాయన, నేను దొంగతనం చెయ్యలేదు, ఏం కొన్నా పన్ను కడ్తున్న అని జవాబిస్తడు. ఆలోచించుకోనీకి 30 రోజులు ఇస్తనన్నా వద్దన్నరు. పన్నెండు మందికి కత్తి శిక్ష. పన్ను కడ్తం, రాజు కోసం ప్రార్థన చేస్తం, రాజుకు మాత్రం ప్రార్థన చెయ్యం: వాళ్లు గీసుకున్న గీత అక్కడుండె.

మానేరు_మేడం:
249 తర్వాత సంగతి నేను రాస్తాను. పాఠానికి అసలు సరుకు ఇక్కడే ఉంది, ఎందుకంటే కాగితాలు మిగిలాయి.

212లో కారకల్లా సామ్రాజ్యంలోని స్వతంత్రులు దాదాపు అందరికీ రోమన్ పౌరసత్వం ఇచ్చాడు. అప్పటి నుంచి ఈజిప్టు పల్లెల్లో కూడా ప్రతివాడూ ఆయన వంశం పేరుతో ఆరేలియస్సే. పౌరులు అందరైనప్పుడు దేవతల బాకీ కూడా అందరిదీ అవుతుంది. 249లో చక్రవర్తి ఫిలిప్‌ను ఓడించి గద్దెనెక్కిన డీషియస్ ఆ బాకీ వసూలుకు దిగాడు. ప్రతివాడూ బలి ఇవ్వాలి, ఇచ్చినట్టు సర్టిఫికెట్ తీసుకోవాలి. ఈజిప్టు ఇసుకలో ఆ సర్టిఫికెట్లు నలభైకి పైగా దొరికాయి, అన్నీ 250 వేసవివి.

నమూనా చెప్తాను. అలెగ్జాండర్ దీవి అనే పల్లెలో సతబూస్ కొడుకు ఆరేలియస్ డయోజెనిస్, వయసు 72, కుడి కనుబొమ్మ మీద గాటు. పైన చిరునామా: గ్రామంలో బలుల పర్యవేక్షణకు ఎన్నికైన కమిషన్‌కు. లోపల మాట: నేను ఎప్పుడూ దేవతలకు బలి ఇస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ సమక్షంలో ఉత్తర్వు ప్రకారం బలి ఇచ్చాను, ధార పోశాను, నైవేద్యం రుచి చూశాను, ధ్రువీకరించగలరు. కింద సాక్షి సంతకం, తేదీ 250 జూన్ 26. పుట్టుమచ్చల కాలమ్ మన దగ్గర ఇప్పటికీ పోలేదు కదా, పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

గమనించాల్సింది: ఇందులో క్రైస్తవం అనే మాటే లేదు. ఈజిప్టులో మొసలి దేవుడు పెటెసూకస్ పూజారిణి కూడా ఇదే కాగితం తీసుకుంది. అంటే ఇది అందరి మీదా వేసిన వల, చిక్కినవాళ్లు క్రైస్తవులు. రోము బిషప్ ఫేబియన్ 250 జనవరిలో చనిపోయాడు. కార్తేజి బిషప్ సిప్రియన్ అజ్ఞాతంలోకి వెళ్లాడు. మామూలు సభ్యులు మాత్రం గుంపులు గుంపులుగా వెళ్లి బలి ఇచ్చి వచ్చారు, ఈ మాట సిప్రియన్‌దే. కొందరు సాంబ్రాణితో సరిపెట్టారు. కొందరు ఏ బలీ ఇవ్వకుండా లంచమిచ్చి సర్టిఫికెట్ కొనుక్కున్నారు. 251లో కార్తేజిలో బిషప్‌లు కూర్చుని, కాగితం కొన్నవాళ్లను విచారించి చేర్చుకోవచ్చు, బలి ఇచ్చినవాళ్లు మరణశయ్య దాకా ప్రాయశ్చిత్తం చెయ్యాలి అని తేల్చారు. రోములో నొవేషియన్ అసలు ఎవరినీ చేర్చుకోకూడదని వేరు కుంపటి పెట్టాడు. చక్రవర్తి ఉత్తర్వు ఏడాదిన్నర కూడా నడవలేదు, అది పెట్టిన చిచ్చు మాత్రం సంఘంలో తరతరాలు నడిచింది.

వలేరియన్ 257, 258లో తెచ్చిన ఉత్తర్వులు నేరుగా బిషప్‌ల మీద, ఉన్నత వర్గం క్రైస్తవుల మీద. సిప్రియన్ తల తెగింది అప్పుడే, 258 సెప్టెంబరు 14న. 260లో వలేరియన్ పర్షియా రాజు షాపూర్‌కు పట్టుబడ్డాడు, కొడుకు గాలియెనస్ సంఘం ఆస్తులు తిరిగి ఇచ్చేశాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు దాదాపు ప్రశాంతం. గైడ్లలో ఈ నలభై ఏళ్లు కనబడవు.

డయోక్లీషియన్ 303 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన దాడి అన్నిటికంటే పెద్దది. మొదటి ఉత్తర్వులో మనుషులను చంపమని లేదు. ప్రార్థనా భవనాలు కూల్చాలి, గ్రంథాలు తగలబెట్టాలి, పదవులు పోతాయి, కోర్టులో దావా వేసే హక్కు పోతుంది. అందరూ బలి ఇవ్వాలన్నది నాలుగో ఉత్తర్వు, 304లో. కోర్టు హాల్లోనే బలిపీఠం పెట్టి, కక్షిదారు ముందు బలి ఇచ్చాకే కేసు వినేవారు. దీనికి ఈజిప్టులో కోప్రెస్ అనే ఆయన చేసిన ఉపాయం చూడండి. భూమి కేసు మీద పట్నం వెళ్లి భార్య సరాపియాస్‌కు ఉత్తరం రాశాడు: ఇక్కడ హాజరైనవాళ్లతో బలి ఇప్పిస్తున్నారు, అందుకని తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాను. తమ్ముడు బహుశా క్రైస్తవుడు కాడు, హాయిగా ధార పోసి కేసు నడిపి ఉంటాడు. అమరవీరుల చరిత్రల్లో ఈ కోప్రెస్‌లకు చోటుండదు, ఊళ్లో ఎక్కువమంది మాత్రం వీళ్లే.

జప్తు ఎలా జరిగేదో ఉత్తరాఫ్రికాలో సిర్టా పట్నం పంచనామా చెప్తుంది, 303 మే 19 నాటిది. అధికారి గుమాస్తాలతో ప్రార్థన జరిగే ఇంటికి వచ్చాడు. రాసుకున్నవి: బంగారు గిన్నెలు 2, వెండి గిన్నెలు 6, వెండి దీపాలు 7, ఆడవాళ్ల అంగీలు 82, మగవాళ్లవి 16, మగవాళ్ల చెప్పులు 13 జతలు, ఆడవాళ్ల చెప్పులు 47 జతలు. పేదలకు పంచడానికి పెట్టిన బట్టలని చూడగానే తెలుస్తుంది. ఆడవాళ్లవి అంత ఎక్కువ ఉండటం వల్ల విధవరాళ్ల పోషణ సంఘం చేతిలో ఉండేదని అర్థమవుతుంది. తర్వాత గ్రంథాలు అడిగారు. ఒక పెద్ద పుస్తకం ఇచ్చి, మిగతావి ప్రార్థనలో గ్రంథం చదివి వినిపించే చదువరుల ఇళ్లలో ఉన్నాయన్నారు. ఇల్లిల్లూ తిరిగి వసూలు చేశారు. ఇలా అప్పజెప్పినవాళ్లే తర్వాత ఆఫ్రికాలో ద్రోహులయ్యారు, అలాంటివాళ్ల చేతుల మీద జరిగిన బిషప్ అభిషేకం చెల్లదన్న డోనాటిస్టుల చీలిక అక్కడ పుట్టింది.

కృష్ణకాలనీ_పాఠకుడు:
మేడం పంచనామా బాగా చెప్పారు. 313 నేను అందుకుంటాను, గైడు ఎక్కువ పొరపాటు పడింది దీనిలోనే.

ముందు 311. డయోక్లీషియన్ పక్కనుండి దాడి నడిపించిన గెలేరియస్ జబ్బుతో మంచం పట్టి ఏప్రిల్ 30న దాన్ని ఎత్తేశాడు. క్రైస్తవులు ఉండవచ్చు, కూడుకోవచ్చు, బదులుగా మా క్షేమం కోసం, రాజ్యం క్షేమం కోసం వాళ్ల దేవుణ్ణి వేడుకోవాలి అన్నాడు. అంటే చట్టబద్ధత 313 కంటే రెండేళ్ల ముందే వచ్చింది. లెక్క కూడా పాతదే: రాజ్యానికి దేవుళ్ల దయ కావాలి, ఇప్పుడు ఈ దేవుడి దయ కూడా.

313 ఫిబ్రవరిలో కాన్‌స్టంటైన్, ఆయనతో సామ్రాజ్యాన్ని పంచుకున్న చక్రవర్తి లిసినియస్ మిలాన్‌లో కలిశారు, అది నిజం. మనకు చేతికొచ్చిన పాఠం మాత్రం లిసినియస్ తూర్పున గవర్నర్‌కు పంపిన లేఖ, నికోమీడియాలో జూన్ 13న బయటపెట్టారు. అందులో ఉన్నవి రెండే. క్రైస్తవులకూ మిగతా అందరికీ ఇష్టమొచ్చిన మతం పాటించే స్వేచ్ఛ. జప్తు చేసిన స్థలాలు, భవనాలు పైసా తీసుకోకుండా సంఘానికి తిరిగి ఇవ్వాలి, మధ్యలో కొనుక్కున్నవాడు పరిహారం కోసం ప్రభుత్వాన్ని అడుక్కోవాలి. రాజమతం అన్న మాట లేదు, గుడి మూసెయ్యమన్న మాట లేదు.

కాన్‌స్టంటైన్ చేసింది వేరే దారి, డబ్బు దారి. ఆఫ్రికా ప్రొకాన్సుల్ అనులినస్‌కు రాసి, కార్తేజి బిషప్ సిసీలియన్ పక్షం పాదిరీలకు ఊరి ఊడిగం నుంచి మినహాయింపు ఇప్పించాడు. సిసీలియన్‌కు 3,000 ఫోలిస్ సొమ్ము పంపాడు. పట్నం కౌన్సిల్లో ఉండి పన్ను బకాయిలకు సొంత జేబు నుంచి పూచీ పడలేక ఉన్న ఆసాములకు ఈ మినహాయింపు కల్పవృక్షంలా కనిపించింది, పోలోమని పాదిరీలయ్యారు. కొద్ది ఏళ్లకే, ఆస్తిపరులు పాదిరీలు కావద్దు అని ఆయనే చట్టం తేవాల్సి వచ్చింది.

డబ్బు ఏ పక్షానికి అన్న దగ్గరే కొట్లాట. 313లో చక్రవర్తికి మొదట అర్జీ పెట్టింది సిసీలియన్‌ను బిషప్‌గా ఒప్పుకోని డోనాటిస్టుల వైపువాళ్లు. 313లో రోములో, 314లో ఆర్ల్‌లో బిషప్‌లు కూర్చుని వాళ్లకు వ్యతిరేకంగా చెప్పారు. ముప్పై ఏళ్ల తర్వాత చక్రవర్తి కాన్‌స్టన్స్ మనుషులు డబ్బు పంచడానికి వస్తే, చక్రవర్తికి సంఘంతో ఏం పని అని వాళ్ల నాయకుడు డోనాటస్ గద్దించాడు. మంచి ప్రశ్నే, అడిగిన సమయం ఆలస్యం.

కాన్‌స్టంటైన్ సొంత భక్తి మీద పిల్లలు అడిగితే రెండు వైపులా సాక్ష్యం పెట్టండి. రోములో 315 నాటి ఆయన తోరణం మీద దైవ ప్రేరణతో గెలిచాడని ఉంది, ఏ దైవమో రాయలేదు. నాణేల మీద అజేయ సూర్యుడు 325 ప్రాంతం దాకా ఉన్నాడు. 321లో సూర్యుడి పూజ్య దినాన న్యాయాధికారులకు, పట్నం వాసులకు సెలవు ఇచ్చాడు, రైతుకు మాత్రం అదును తప్పుతుందని పని చేసుకోనిచ్చాడు. హిస్పెల్లం పట్నం తన వంశం పేరున గుడి కట్టుకుంటామంటే సరేనన్నాడు, బలులతో మైలపరచొద్దు అని షరతు పెట్టాడు. బాప్తిస్మం 337లో, చావుకు ముందు. నాటకమని నేను అనను. గుళ్లున్న సామ్రాజ్యాన్ని ఏలుతూ బిషప్‌లతో భోంచేసిన మనిషి ఇలాగే ఉంటాడు.

రాజమతం అన్న మాటకు దగ్గరగా వచ్చేది 380 ఫిబ్రవరి 27, చక్రవర్తి థియోడోసియస్ థెస్సలొనికా శాసనం. రోము బిషప్ దమాసస్, అలెగ్జాండ్రియా బిషప్ పీటర్ నమ్మే త్రిత్వ విశ్వాసమే అందరిదీ కావాలి అంటుంది. దాని గురి ప్రధానంగా క్రీస్తు తండ్రితో సమానుడు కాడనే ఏరియన్ క్రైస్తవులు, గుడి పూజారులు కాదు.

రామప్ప_గట్టు:
గుళ్ల సంగతి మిగిలింది, అది నేను రాస్త. ముందు ఒక మాట. చాన గుళ్లు గడ్డపారతోటి పోలేదు, పైసలు ఆగిపోయి పోయినయి. 382ల గ్రేషియన్ చక్రవర్తి పూజారులకు, పొయ్యి దేవత వెస్టాను కొలిచే కన్యలకు ఇచ్చే సర్కారు సొమ్ము ఆపిండు. దానికి ఇరవై ఏండ్ల ముందు, 362ల, పాత మతాన్ని లేపుదామని పట్టుబట్టిన జూలియన్ చక్రవర్తి ఆంటియోక్ పక్కన డాఫ్నెల అపోలో పండుగకు ఆశగ పోయిండు. ఎడ్లు, ధూపం, తెల్ల బట్టల పిల్లలు ఉంటరనుకున్నడు. పూజారి ఒక్కడే ఉన్నడు, ఇంటి నుంచి తెచ్చిన ఒక బాతుతోటి. పట్నం ఏమీ ఇయ్యలేదన్నడు. ఈ సంగతి జూలియనే కోపంతోటి రాసుకున్నడు.

కూలగొట్టినయి కూడ ఉన్నయి. సిరియాల అపమేయ పట్నంల జ్యూస్ గుడి సంగతి క్రైస్తవ చరిత్రకారుడు థియోడొరెట్ రాసిండు. సైన్యం తోటి వచ్చిన అధికారి రాళ్ల కట్టు చూసి, వాటిని బిగించిన ఇనుము, సీసం చూసి చేతులెత్తేసిండు. ఒక మామూలు కూలి వచ్చి, స్తంభాల కింద మట్టి తవ్వి, ఆలివ్ కట్టెలు మోపు పెట్టి నిప్పు పెట్టిండు. కట్టె కాలంగనే స్తంభాలు కూలి పక్కవాటిని కూడ లాక్కపోయినయి. చేయించిన బిషప్ మార్సెల్లస్ ఇంకో గుడి కాడ అట్లనే నిలబడి చూస్తుంటే గుడి పక్షమోళ్లు పట్టుకొని నిప్పులేసి చంపిండ్రు. అలెగ్జాండ్రియాల సెరాపిస్ గుడి పోయింది ఆ రోజులల్లనే, 391-392ల.

చట్టం మాత్రం ఒక్క తీరుగ లేకుండె. ఒక్క 399లనే పల్లెల గుళ్లు గుంపు, గడబిడ లేకుంట తీసెయ్యండి అని తూర్పుకు ఒక ఉత్తర్వు, ఖాళీ గుళ్లను కూలగొట్టొద్దు అని ఆఫ్రికాకు ఇంకొకటి. చదివేటోడికి చక్రవర్తుల మనసు కంటే అక్కడక్కడి అధికారుల ఇబ్బంది ఎక్కువ కనపడ్తది.

హన్మకొండ_హిస్టరీ:
అందరికీ మస్తు థాంక్స్. గంటలనే ఇవన్నీ పట్టవు. క్లాసుల చేతికి ఇయ్యనీకి ఏ రెండు కాయితాలు తీసుకోమంటరు? పరీక్షల 313 వస్తే ఏం రాయమనాలె?

మానేరు_మేడం:
ఒకటి డయోజెనిస్ సర్టిఫికెట్. బోర్డు మీద ఫారం లాగా రాసి ఖాళీలు పిల్లలతో నింపించండి, నైవేద్యం రుచి చూశాను అనే వరుస దగ్గర ఆగండి. అక్కడే గొంతులో పడేది, ఎందుకంటే విగ్రహాలకు అర్పించినది తినొచ్చా అన్న గొడవ పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక నాటి నుంచే ఉంది.

రెండోది థియోడోసియస్ 392 నవంబరు 8 చట్టం. ఇంట్లో కూడా ఎవరూ గృహదేవతలకు నిప్పు, ద్రాక్షసారా, పరిమళ ధూపం పెట్టకూడదు, దీపం వెలిగించకూడదు, దండ వెయ్యకూడదు, చెట్టుకు పట్టీలు కట్టకూడదు. సాంబ్రాణి వేసిన ఇల్లు జప్తు. వేరొకరి స్థలంలో యజమానికి తెలియకుండా చేస్తే 25 పౌన్ల బంగారం జరిమానా. తెలిసీ కేసు నడపని న్యాయాధికారికి 30 పౌన్లు. 250లో వెయ్యకపోతే నేరమైన సాంబ్రాణి 392లో వేస్తే నేరమైంది. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఊరుకోండి, మిగతాది పిల్లలే మాట్లాడతారు.

కొలోసియంలో సింహాల బొమ్మ, సొరంగాల్లో దాక్కున్న బొమ్మ మాత్రం స్లైడుల్లోంచి తీసెయ్యండి. క్రైస్తవులను కొలోసియంలోనే చంపారనడానికి ఆ కాలపు గట్టి ఆధారం లేదు, ఆ సొరంగాలు శ్మశానాలు.

కృష్ణకాలనీ_పాఠకుడు:
పరీక్ష సంగతి. బిట్ ప్రశ్నలో 313కి ఎదురుగా మిలాన్ శాసనం ఒక్కటే ఉంటే దానికే టిక్కు పెట్టమనండి, కీలో అదే ఉంటుంది. రాజమతం ఎప్పుడు అని అడిగి 313, 380 రెండూ ఇస్తే 380. వ్యాసం అయితే 311, 313, 380, 392 నాలుగూ వరుసగా వేసి ప్రతిదాని పక్కనా ఎవరి ఉత్తర్వు, ఎవరి మీద అన్నది ఒక్క ముక్కలో రాయమనండి. 325 నైసియా సభను ఈ వరుసలో ఇరికించొద్దని గట్టిగా చెప్పండి. అది క్రీస్తు తండ్రితో సమానుడా కాదా అన్న తగవు తేల్చిన సభ, గుళ్ల గురించి అక్కడ తీర్మానమేమీ లేదు.